వేడెక్కిన నీరు, కుళ్లిన వేర్లు: సీతమ్మధార డాబా మీది హైడ్రోపోనిక్స్ అనుభవం

గత ఏప్రిల్ చివరి వారంలో ఒక మధ్యాహ్నం విశాఖ సీతమ్మధారలోని మా డాబా మీది పాలకూర మొక్కలన్నీ ఒక్కసారిగా తలలు వాల్చేశాయి. అవి మట్టిలో పెరుగుతున్నవి కావు. 20 లీటర్ల ప్లాస్టిక్ టబ్బులో పోషకాలు కలిపిన నీరు పోసి, మూతకు రంధ్రాలు చేసి, ఆ రంధ్రాలలో నెట్ పాట్లు, అంటే జల్లెడలాంటి చిన్న కుండీలు, అమర్చి పెంచుతున్నవి. ఇలా మట్టి లేకుండా పోషకాల నీటిలో పెంచడమే హైడ్రోపోనిక్స్. ఆరిన బట్టలు తీయడానికి పైకి వచ్చిన మా అత్తయ్య వాటిని చూసి, “నీళ్లలోనే నిలబెట్టావు కదమ్మా, మరి నీళ్లు లేనట్టు వాడిపోయాయేటి?” అని అడిగారు. ఆ క్షణాన నా దగ్గర సమాధానం లేదు. ఒక నెట్ పాట్‌ను పైకెత్తి చూశాను. రెండు వారాల క్రితం నూలుపోగుల్లా తెల్లగా ఉన్న వేర్లు తడిసిన కొబ్బరి పీచు రంగుకు తిరిగి, ఒకదానికొకటి అంటుకుని జిగురుగా వేలాడుతున్నాయి. ఒక వేరును రెండు వేళ్ల మధ్య పట్టి మెల్లగా లాగితే, దాని పైపొర తొడుగులా ఊడి చేతికి వచ్చింది. లోపల దారంలాంటి నార మాత్రం మిగిలింది. టబ్బులో నుంచి మురుగు కాలువ వాసన వచ్చింది. వేరుకుళ్లు తెగులుకు ఇంతకంటే స్పష్టమైన గుర్తు లేదు. నీటిని పీల్చే వేరు చచ్చిపోయిన తరువాత మొక్క నీటిలో నిలబడి ఉన్నా దాహంతోనే ఎండిపోతుంది.

ఈ తెగులుకు ప్రధాన కారణం పిథియం అనే సూక్ష్మజీవి. చాలామంది దీనిని శిలీంధ్రం అని పిలుస్తారు కానీ, ఇది నిజమైన శిలీంధ్రం కాదు; నీటి బూజుల కోవకు చెందినది. దీని సిద్ధబీజాలకు తోకల వంటి కశాభాలు ఉంటాయి, వాటితో నీటిలో ఈదుకుంటూ వేర్లను వెతుక్కుంటాయి. మట్టిలోనైతే ఒక మొక్క నుంచి మరొక మొక్కకు చేరడానికి దానికి సమయం పడుతుంది. అన్ని వేర్లూ ఒకే నీటిలో మునిగి ఉండే టబ్బులో ఒక మొక్కకు సోకినది రెండు మూడు రోజులలోనే అన్నింటికీ పాకగలదు. పాలకూర దీనికి మరీ సులువుగా లొంగిపోయే పంట అని నాకు తరువాత తెలిసింది.

అయితే నా అనుభవంలో పిథియం తరువాత వచ్చిన దొంగ మాత్రమే. తలుపు తెరిచి పెట్టింది వేడి నీరు. వేర్లకు కూడా ఊపిరి కావాలి, నీటిలో మునిగిన వేర్లకు ఆ ఊపిరి నీటిలో కరిగిన ప్రాణవాయువు నుంచే రావాలి. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక లీటరు మంచినీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండగలదు. 30 డిగ్రీల వద్ద అది సుమారు ఏడున్నరకు పడిపోతుంది. ఇందులో అసలు చిక్కు ఏమిటంటే, నీరు వేడెక్కే కొద్దీ వేరు శ్వాసక్రియ పెరిగి దాని అవసరం ఎక్కువవుతుంది, నీరు ఇవ్వగలిగినది మాత్రం తగ్గిపోతుంది. అలా ఉక్కిరిబిక్కిరైన వేరు బలహీనపడిన సమయానికే, వేడి నీటిని ఇష్టపడే పిథియం జాతులు చురుకుగా పెరుగుతాయి. ఈ మూడూ ఒకే మధ్యాహ్నం కలిసి వస్తే మందులు చేయగలిగినది చాలా తక్కువ.

అందుకే విశాఖలో ఈ వ్యాపకం మొదలుపెట్టే వారందరికీ నేను మొదట చెప్పేది, నీటి ఆమ్లత్వాన్ని కొలిచే పీహెచ్ మీటరు కంటే ముందు ఒక థర్మామీటరు కొనమని. చేపల తొట్టెలకు వాడే చిన్నది చాలు. నేను కొన్న మరుసటి రోజు ఉదయం ఆరు గంటలకు టబ్బులో నీరు 27 డిగ్రీలు ఉంది. మధ్యాహ్నం రెండున్నరకు 35 చూపించింది. సిమెంటు డాబా కింద నుంచి, ఎండ పై నుంచి ఆ నల్లటి టబ్బును కాచేస్తున్నాయి. వెలుతురు సోకితే నాచు పడుతుందని నేనే నల్ల టబ్బు ఎంచుకున్నాను. వెలుతురును ఆపడం సరైనదే, కానీ ఆ నలుపు మీద తెల్ల రంగు వేసి ఉండవలసింది.

రెండవ తప్పు పూర్తిగా నా అతిజాగ్రత్త వల్ల జరిగింది. నేను అనుసరించినది హవాయి విశ్వవిద్యాలయానికి చెందిన క్రాట్కీ ప్రచారంలోకి తెచ్చిన పంపు లేని పద్ధతి. ఇందులో మొక్క నీటిని తాగే కొద్దీ నీటిమట్టం దిగుతుంది, మూతకు నీటికి మధ్య తేమతో నిండిన ఖాళీ ఏర్పడుతుంది, ఆ ఖాళీలో ఉన్న పై వేర్లు గాలిని నేరుగా పీల్చుకోవడానికి అలవాటు పడతాయి. సన్నని నూగుతో ఉండే ఆ వేర్లే మొక్కకు ఊపిరితిత్తుల వంటివి. నీరు సగానికి తగ్గిందని కంగారుపడి నేను ఒక సాయంత్రం టబ్బును అంచు దాకా నింపేశాను. గాలికి అలవాటుపడిన వేర్లన్నీ ఆ రాత్రి మునిగిపోయాయి. నీరు పోయవలసి వస్తే పై వేర్లు తడవకుండా, కనీసం నాలుగు వేళ్ల ఖాళీ మిగిలేలా కొద్దిగా మాత్రమే పోయాలి. మొక్కకు మంచి చేస్తున్నానన్న నమ్మకంతో చేసిన పని కాబట్టి ఈ ఒక్క సంగతి గుర్తుకు వస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

నీటిని చల్లబరచడానికి మొదట మట్టికుండ ఆలోచన వచ్చింది. కుండ గోడల నుంచి నీరు ఆవిరైతేనే లోపలి నీరు చల్లబడుతుంది. సముద్రం పక్కన గాలిలో ఎప్పుడూ తేమ నిండి ఉండే మన ఊళ్లో ఆ ఆవిరి కావడమే నెమ్మది. ఒకటి రెండు డిగ్రీలకు మించి తేడా కనిపించలేదు. నిజంగా పని చేసింది ఫిషింగ్ హార్బర్ దగ్గర దొరికే థర్మోకోల్ పెట్టె. ఐసులో చేపలను ఊరూరికీ పంపే ఆ పెట్టెలు వేడిని లోపలికి రానివ్వవు, వెలుతురు కూడా చాలా వరకు ఆపుతాయి. వాడిన పెట్టె తెచ్చుకుంటే బ్లీచింగ్ నీటితో రెండుసార్లు కడిగి, ఎండలో పూర్తిగా ఆరనిచ్చి, లోపల నల్ల పాలిథిన్ షీటు పరిచి వాడాలి. దానిని డాబా నేలకు తగలకుండా రెండు ఇటుకల మీద ఎత్తి, పైన గ్రీన్ షేడ్ నెట్ కట్టిన తరువాత మే నెల మధ్యాహ్నాలలో కూడా నీరు 30 దాటలేదు. ఎండ మరీ తీవ్రంగా ఉన్న రోజులలో లీటరు సీసాలో నీరు గడ్డ కట్టించి పెట్టెలో వేస్తాను. 20 లీటర్ల నీటిని అది నాలుగైదు డిగ్రీల దాకా దించగలదు. ఐసు ముక్కలను నేరుగా వేయకూడదు, పోషకాల గాఢత పలచబడిపోతుంది.

గాలి పంపు గురించి ఒక మాట. ఇప్పుడు నేను పాలకూరకు మాత్రం అక్వేరియం దుకాణంలో దొరికే చిన్న పంపు, బుడగల రాయి వాడుతున్నాను. పంపును నీటిమట్టం కంటే ఎత్తులో పెట్టాలి, లేకపోతే కరెంటు పోయినప్పుడు గొట్టం గుండా నీరు వెనక్కి పంపులోకి వస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చిన తరువాత రోజుల తరబడి కరెంటు లేని రాత్రులు గడిపిన ఊరు మనది. అందువల్ల పంపు ఉన్న పెట్టెలో కూడా మూత కింద గాలి ఖాళీ ఉంచుతాను. పంపు ఆగినా పై వేర్లు కొంతకాలం బతికిస్తాయి.

వేర్లు కుళ్లినట్టు కనిపిస్తే హైడ్రోజన్ పెరాక్సైడ్ పోయమని అందరూ చెబుతారు. 3 శాతం ద్రావణం లీటరు నీటికి 3 మిల్లీలీటర్ల చొప్పున పోస్తే అది కొంతవరకు తెగులును అణుస్తుంది, విడిపోయి నీటిగా, ఆక్సిజన్‌గా మారుతుంది. మందుల దుకాణాలలో అంతకంటే గాఢమైనది కూడా అమ్ముతారు కనుక సీసా మీది శాతం తప్పక చూడాలి. అయితే దాని ప్రభావం ఒకటి రెండు రోజులే, చచ్చిన వేరును అది బతికించలేదు, పైగా మేలు చేసే బాక్టీరియాను కూడా చంపేస్తుంది. ఎరువుల దుకాణంలో దొరికే తెగులును అడ్డుకునే సూడోమోనాస్ అనే బాక్టీరియా లేదా ట్రైకోడెర్మా అనే శిలీంధ్రం కలిపి, అదే వారంలో పెరాక్సైడ్ పోస్తే ఖర్చు రెండింటిదీ, ఫలితం దేనిదీ ఉండదు. నేను ముందుజాగ్రత్తగా సూడోమోనాస్ దారినే ఎంచుకున్నాను. అందుకోసం కుళాయి నీటిని ఒక రాత్రంతా వెడల్పాటి బకెట్‌లో తెరిచి ఉంచి, క్లోరిన్ పోయిన తరువాతే వాడుతున్నాను. మా వీధి బోరు నీరు ఉప్పన, అది ఈ పనికి పనికిరాదు.

తెగులు ఎక్కడి నుంచి వచ్చిందో ఆలోచిస్తే, నర్సరీ నుంచి మట్టితో తెచ్చి వేర్లు కడిగి పెట్టిన నారు మీదే నాకు అనుమానం. ఇప్పుడు విత్తనాలను కొబ్బరి పీచు పొడి అయిన కోకోపీట్‌లోనే మొలకెత్తిస్తున్నాను. ఒకసారి వాడిన కోకోపీట్‌ను మళ్లీ హైడ్రోపోనిక్స్‌లో వాడను, పూలకుండీలలో కూడా వేయకుండా పారేస్తాను. పంట మారినప్పుడల్లా నెట్ పాట్లను పాత టూత్‌బ్రష్‌తో తోమి, బ్లీచింగ్ నీటిలో నానబెడతాను. తడి కోకోపీట్ చుట్టూ ముసిరే చిన్న నల్ల దోమలు కూడా ఈ తెగులును మోసుకు వస్తాయి కాబట్టి పసుపు జిగురు అట్టలు కట్టాను.

ఇంత చేసినా ఏప్రిల్ నుంచి జూన్ వరకు పాలకూర, లెట్యూస్ పెంచడం ఇక మానుకున్నాను. వాటిని నవంబరులో మొదలుపెట్టి ఫిబ్రవరికి ముగిస్తాను. వేసవి పెట్టెలలో ఇప్పుడు బచ్చలి, తూటికూర ఉన్నాయి. తూటికూర బోలు కాడలు గాలిని కింది వేర్ల దాకా చేరవేస్తాయి, అందుకే అది చెరువు గట్టున నీటిలోనే హాయిగా పెరుగుతుంది. ఈ రోజు మధ్యాహ్నం పెట్టెలో నీరు 29 డిగ్రీలు ఉంది. మూత ఎత్తి చూస్తే వేర్లు తెల్లగా, విడివిడిగా ఉన్నాయి. వాసన ఏమీ లేదు. అత్తయ్య తూటికూర కాడలు గుప్పెడు కోసుకుని పప్పులో వేయడానికి కిందికి తీసుకువెళ్లారు.