గోడ అవతల దగ్గు

పదకొండు దాటింది. ఆయనకు నైట్ డ్యూటీ, చిన్నోడు పడుకున్నాడు. గోడ అవతల అత్తమ్మ దగ్గుతూనే ఉంది.

ఈరోజు పెళ్లి గురించి రాద్దామని కూర్చున్నాను. పెళ్లి బాగా జరిగింది. పిల్ల ముద్దుగా ఉంది. పన్నెండేళ్ల తర్వాత నా బడి దోస్తు కలిసింది. కానీ కళ్లు మూస్తే ఇవేవీ రావడం లేదు, ఒక కుర్చీ జరిగిన చప్పుడే వినిపిస్తోంది.

హన్మకొండలో ఫంక్షన్ హాలు. రెండో బంతిలో కూర్చున్నాం. పప్పు వడ్డించారో లేదో అత్తమ్మకు దగ్గు తెర మొదలైంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తల పక్కకు తిప్పుకుని, ఆపుకోవాలని ఎంత చూసినా ఆగలేదు. పక్కనున్నావిడ ఒక్క మాట అనకుండా కుర్చీ జరుపుకుంది. కొంచెం కాదు, మధ్యలో ఇంకో మనిషి పట్టేంత. అత్తమ్మ అది చూసింది. అన్నం సగంలోనే వదిలేసి చేయి కడుక్కోవడానికి లేచింది.

దగ్గేవాళ్లను చూసి భయపడొద్దని నేననను. కానీ అడగొచ్చు కదా! రెండు వారాలు దాటిందని తెమడ పరీక్ష చేయించాం, సర్కారు దవాఖానలో దానికి పైసా తీసుకోరు. ఎక్స్‌రే తీయించాం. అన్నీ బాగానే ఉన్నాయి. జ్వరం లేదు, బరువు తగ్గలేదు. అడిగితే ఇవన్నీ చెప్పేదాన్ని. ఎవరూ అడగరు. సలహాలు మాత్రం ఇస్తారు. కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకోమని ఒకరు, మిరియాల కషాయమని ఒకరు. పక్కింటి వదినైతే అతిమధురం కొమ్ములే తెచ్చి చేతిలో పెట్టింది. ప్రేమతోనే తెచ్చింది, కాదనను. కానీ అతిమధురం ఎక్కువైతే బీపీ పెరుగుతుంది. అత్తమ్మకున్నదే బీపీ. తేనె ఒక్కటే కాస్త పనిచేసింది, పడుకునే ముందు ఒక చెంచా. అదీ గంటసేపే.

నిజానికి ఇన్నాళ్లూ అందరికంటే గట్టిగా నమ్మి తప్పు చేసింది నేనే. మిర్చి వల్లే అనుకున్నాను.

మా బాపు ఎనుమాముల మార్కెట్‌లో హమాలీ. సంక్రాంతి నుంచి ఎండలు ముదిరేదాకా మిర్చి సీజన్. రాత్రి ఆయన రాక మాకు ముందు దగ్గుతోనే తెలిసేది. గల్లీ మొదట్లో దగ్గు వినపడగానే అమ్మ చాయ్ నీళ్లు పొయ్యి మీద పెట్టేది. ఆయన అంగీ, తువ్వాల వేరే బకెట్‌లో వేయాలి, మేం ముట్టుకోవద్దు. నాకు ఎనిమిదేళ్లప్పుడు, ముఖం కడుక్కుని దండెం మీదున్నది అందుకుని తుడుచుకున్నాను. అది బాపు తువ్వాల. ముఖమంతా భగ్గుమంది. నేను ఏడుస్తూ నీళ్ల కోసం ఉరుకుతుంటే బాపు ఆపాడు. నీళ్లతో మంట పోదు, నూనెతో పోతుందని మంచినూనె అరచేతిలో పోసుకుని నా బుగ్గలకు రాశాడు. మంట ఇంకా పెరిగింది. రోజంతా బస్తాలు మోసిన చేతులవి. మిర్చి ఆ చేతులకే ఉందని ఆయనకు తట్టలేదు. అమ్మ వచ్చి, ఆయనను పక్కకు జరిపి, తన చేత్తో మళ్లీ నూనె రాసింది. బాపు గడపలో నిలబడి తన అరచేతులు చూసుకుంటూ దగ్గుతున్నాడు. ఆ నిలబడ్డ తీరు నేను మర్చిపోలేను.

సీజన్ అయిపోతే ఆయన దగ్గూ పోయేది. అందుకే పొడి దగ్గంటే నాకు మిర్చే. ఫిబ్రవరిలో ఏడాది కారం కోసం అత్తమ్మ కూర్చుని తొడిమలు తీసింది. మేం రంగుకు చపాటా, ఘాటుకు తేజ కలుపుతాం. అప్పుడే దగ్గు మొదలైంది. ఇంకేముంది, "వద్దంటే వినవు అత్తమ్మా" అని రోజూ అన్నాను. ఆమె "గొంతుల ఏదో గీరినట్టయితుంది బిడ్డా, మిర్చి కాదు" అంటూనే ఉంది.

మొన్న కొత్త డాక్టర్ మొదట అడిగింది ఒకటే: ఏ టాబ్లెట్లు వేస్తున్నారు? సంచిలోంచి స్ట్రిప్పు తీసి ఇచ్చాను. పాత బీపీ గోలీతో కాళ్లు వాస్తున్నాయని సంక్రాంతి తర్వాత మార్చిన గోలీ అది, రామిప్రిల్. ఒంట్లో బ్రాడీకైనిన్ అనే పదార్థం ఎప్పటికప్పుడు విరిగిపోవాలట. ఈ గోలీ దాన్ని విరగనీయదు, అది పేరుకుని గొంతును రేపుతుంది. కొందరికి వేసిన కొన్ని రోజులకే, కొందరికి నెలల తర్వాత దగ్గు మొదలవుతుంది. ఆడవాళ్లలో ఎక్కువ. అలా రేగి ఉన్న గొంతుకు మిర్చి ఘాటు మామూలు కంటే తొందరగా తగులుతుందని కూడా చెప్పారు. అంటే నాది పూర్తిగా తప్పు కాదు. అయినా అత్తమ్మను అన్న మాటలు అన్నవే.

మెడికల్ షాపు పిల్లోడి మీద మొన్నటి నుంచీ మండిపోతున్నాను. రెండు నెలల్లో నాలుగు సిరప్‌లు అమ్మాడు. ఒకటి తాగితే పొద్దున తొమ్మిదింటి దాకా మగతే, బాత్రూం దగ్గర తూలి గోడ పట్టుకుంది. దగ్గుకు మందిచ్చేవాడు వేరే మందులేంటని అడగాలా వద్దా అని మా ఆయనతో ఎన్నిసార్లు అన్నానో.

ఇది రాస్తుంటే గుర్తొచ్చింది. అడిగాడు. రెండోసారి వెళ్లినప్పుడు, "పెద్దామెకు బీపీ, షుగర్ గోలీలేమైనా ఉన్నాయా అక్కా?" అన్నాడు. బండి మీద చిన్నోడు ఎండకు ఏడుస్తున్నాడు. "అన్నీ కంట్రోల్‌లోనే ఉన్నయి, నువ్వు సిరప్ ఇవ్వు" అన్నాను నేను. రేపు అటు వెళ్లినప్పుడు వాడికి గోలీ సంగతి చెప్పాలి. ఇంకొకరి అమ్మ విషయంలో పనికొస్తుంది.

గోలీ సొంతంగా ఆపొద్దని డాక్టర్ గట్టిగా చెప్పి, టెల్మిసార్టాన్ అనే ఇంకో బీపీ గోలీకి మార్చారు. దగ్గు తగ్గడానికి నాలుగు వారాలు పట్టొచ్చు, కొందరికి మూడు నెలలు కూడా. ఇవాళ్టికి మూడో రోజు.

మళ్లీ మొదలైంది. ఫ్లాస్కులో వేడినీళ్లు ఉన్నాయో లేదో చూసి వస్తాను.