రిపేరు తర్వాత మానిటర్‌లో రంగులు మారితే

మిర్యాలగూడ దిక్కు రైస్ మిల్లు ఆఫీసుల నుంచి నల్లగొండకు రిపేరుకొచ్చే పాత మానిటర్లలో చాలావరకు పవర్ బోర్డులో కెపాసిటర్లు ఉబ్బినవే. అవి మార్చగానే వెలుగొస్తుంది. కొన్నిటికి మాత్రం తెల్ల పేజీ పసుపుగానో గులాబీగానో కనిపిస్తుంది. వెంటనే కొత్త కెపాసిటర్లను మళ్లీ పీకొద్దు. ఒక్క రంగే పోయిందంటే విప్పి బిగించేటప్పుడు ఏదో కదిలింది.

నేను ముందు మెనూ బటన్ నొక్కి, రీసెట్ కొట్టి చూస్తాను. మెనూను గీసేది మానిటర్‌లోని స్కేలర్ చిప్పే (వచ్చిన బొమ్మను ప్యానెల్‌కు సరిపడా మార్చే చిప్), కంప్యూటర్‌తో దానికి పనిలేదు. మెనూ రంగులు బాగుండి వెనక బొమ్మే తేడాగా ఉంటే లోపం వీజీఏ దారిలో, అంటే కంప్యూటర్ నుంచి బొమ్మ వచ్చే కేబుల్, సాకెట్ దిక్కున ఉంది. మెనూ కూడా చెడితే మెయిన్ బోర్డు నుంచి ప్యానెల్ దాకా వెతకాలి.

వీజీఏలో 1వ పిన్ను ఎరుపు, 2 ఆకుపచ్చ, 3 నీలం. ఎరుపు పోతే తెలుపు సయాన్ (నీలి ఆకుపచ్చ) అవుతుంది, ఆకుపచ్చ పోతే మెజెంటా (ముదురు గులాబీ), నీలం పోతే పసుపు. కేబుల్ మార్చినా అంతే ఉంటే ప్లగ్ తీసేసి, మానిటర్ సాకెట్‌లో 1–6, 2–7, 3–8 పిన్నుల మధ్య మల్టీమీటర్ పెట్టండి. ఒక్కో జతకు 75 ఓమ్‌ల దగ్గర చూపాలి. చూపకపోతే సాకెట్ టంకం పగిలింది, లేదా ఆ 75 ఓమ్‌ల రెసిస్టర్ పోయింది. చిప్ రెసిస్టర్ మీద 750 అని ఉంటే 75 ఓమ్‌లే. నిజంగా 750 ఓమ్‌లది వేస్తే ఆ రంగు మిగతావాటిని మింగేస్తుంది. దీనికోసం హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్ పార్టులు దొరికే కోఠి గుజరాతీ గల్లీ దాకా పోనక్కర్లేదు, పాత బోర్డు మీద దొరుకుతుంది.

మెనూ కూడా చెడిందా, మెయిన్ బోర్డు నుంచి ప్యానెల్‌కు బొమ్మను మోసే ఎల్‌వీడీఎస్ కేబుల్ చూడాలి. దీని ఒక్కో జత తీగలో వేర్వేరు రంగుల బిట్లు కలిసి పోతాయి. అందుకే ఇక్కడ వదులైతే ఒక రంగు శుభ్రంగా మాయమవదు, ఫొటోలో ముఖాల మీద మెట్లుమెట్లుగా మచ్చలు పడతాయి. కరెంటు ఉండగా దీన్ని పీకితే ప్యానెల్ ఫ్యూజ్ ఎగిరిపోవచ్చు. ప్లగ్ తీశాకే విప్పి, ఊక దుమ్మును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక నిటారుగా నొక్కండి. యూనివర్సల్ బోర్డు (రకరకాల ప్యానెళ్లకు పనిచేసే మెయిన్ బోర్డు) వేసి ఉంటే ఫ్యాక్టరీ మెనూలో వెసా (VESA), జైడా (JEIDA) మ్యాపింగ్, అంటే రంగుల బిట్లు పోయే వరుస, మార్చి చూడాలి. అది తప్పితే కేబుల్ ఎంత నొక్కినా లాభం లేదు.

ప్యానెల్ వెనక వెలుగిచ్చే ట్యూబులు తీసి ఎల్ఈడీ పట్టీలు వేసిన మానిటర్లు నీలంగా కనిపించడం మామూలే. మెనూలో బ్లూ తగ్గిస్తే కొంత నయం. పాత రంగు పూర్తిగా రాదని గిరాకీకి ముందే చెప్పేయాలి.