క్యాంపులో పోయిన హిట్టింగ్ టచ్ మళ్ళీ ఎట్ల తెచ్చుకున్నాం (నా అనుభవం)

నిన్న రాత్రే స్టేట్ సెలక్షన్స్ నుంచి వచ్చినాం, మా పిల్లోడు సెలక్ట్ అయినాడు, ఆ ఊపులోనే రాస్తున్నా. నేను అనంతపురం దగ్గర ఒక హైస్కూల్లో పీఈటీని. మా తట్టు బేస్‌బాల్ అంటే క్రికెట్లో చోటు దొరకనోళ్ళు ఆడేది అంటారు, ఆ మాట అనేటోళ్ళని ఒక్కసారి ప్లేట్ (బ్యాటింగ్ చేసే చోటు) దగ్గర నిలబెట్టాలని నా కోరిక.

క్రికెట్ పిల్లోళ్ళకి బ్యాట్ పట్టుకునేది నేర్పడం ఈజీనే. బాల్ నేల మీద పడేదాకా కాచుకునే అలవాటు మాత్రం కొన్నాళ్ళు సతాయిస్తుంది, తర్వాత పోతుంది.

అసలు నరకం జిల్లా క్యాంపులో. లైన్ డ్రైవ్‌లు (నేరుగా దూసుకుపోయే షాట్లు) దంచుతున్న పిల్లోణ్ణి అక్కడి కోచ్ సారు (పేరు వద్దులే) అందరి ముందర నిలబెట్టి "ఏమబ్బీ, ఎద్దులు తోలేటోని మాదిరి నిలబడినావే" అని నవ్వించినాడు. మోచెయ్యి పైకెత్తు అన్నాడు, కాళ్ళు దగ్గరికి తీయ్ అన్నాడు, సాయంత్రం ఇంకో పెద్దమనిషి వచ్చి అదే మోచెయ్యి దించు అన్నాడు. ఇద్దరి మాటా తలలో పెట్టుకొని వాడు నిలబడితే బాల్ క్యాచర్ (మన కీపర్ లాంటోడు) గ్లౌజులో పడినాక స్వింగ్ వస్తాంది. పక్కనోళ్ళు ఇకఇకలు. నేను నోరు తెరవబోతే "స్కూల్ పీఈటీలు బయట కూర్చోండి" అన్నారు, ఎండలో కూర్చున్నా, కనీసం టెంట్ కూడా లేదు. మౌండ్ (పిచ్చర్, అంటే బాల్ వేసేవాడు, నిలబడే దిబ్బ) నుంచి ప్లేట్‌కి 60 అడుగుల 6 అంగుళాలు, గంటకి 90 మైళ్ళ బాల్ దాదాపు 0.4 సెకన్లలో వచ్చేస్తుంది. మా పిల్లోళ్ళ స్పీడ్ అంత లేదనుకో, అయినా ఆ టైమ్‌లో మోచెయ్యి గురించి ఆలోచించేదెప్పుడు, కొట్టేదెప్పుడు?

ఊరికొచ్చినాక ఫస్ట్ పాత స్టాన్స్‌కే పొమ్మన్నా. లారీ మెకానిక్ దగ్గర పాత రేడియేటర్ పైపు అడిగి తెచ్చి రాడ్‌కి తొడిగితే టీ (బాల్ పైన పెట్టి కొట్టే స్టాండ్) తయారు, శెనక్కాయల గోనెసంచులు కుట్టి ఎదురుగా తెర కట్టినాం. ముందర కాలికి నేరుగా బాల్ పెట్టి పిచ్చర్ తట్టుకే కొట్టమన్నా. తర్వాత పక్కనుంచి సాఫ్ట్ టాస్ (మెల్లగా ఎగరేసే బాల్). కొన్ని బాల్స్‌కి ఎర్ర, నీలం చుక్కలు పెట్టి స్వింగ్ చేయకుండా రంగు మాత్రం చెప్పమన్నా, చూపు కుదిరింది. పిచ్చర్ వేసే ప్రతి బాల్‌కి ముందు ఊపిరి వదిలేది, బ్యాట్ మీద ఒక గుర్తు చూసేది, అంతకుమించి ఏం ఆలోచించొద్దన్నా.

వాళ్ళ నాయన "పదిసార్లు పోయి ఏడుసార్లు అవుటయితే ఎట్ల సార్" అన్నాడు. పదికి మూడు కొడితే ఈ ఆటలో మొనగాడేనప్పా అని చెప్పినా. 1994లో .394 సగటు (అంటే పదికి దాదాపు నాలుగు) కొట్టిన అమెరికా ఆటగాడు టోనీ గ్విన్ కూడా టీ మీద కొడతానే ఉండేవాడు, తన స్వింగ్‌లు వీడియోలో చూసుకునేవాడు. అది చూసే నేనూ బాగా తగిలినవన్నీ ఫోన్లో తీసిపెట్టినా. టచ్ పోయినప్పుడు చెడ్డ షాట్లు చూపించొద్దు, మంచివే చూపించండి. బాగా తగుల్తున్నప్పుడు కూడా టీ మానొద్దు.

నిన్న లిస్ట్ చదివినాక ఆ కోచ్ సారే వచ్చి పిల్లోని భుజం మీద చెయ్యేసి "నేను దిద్దిన స్టాన్సే కదా" అని ఫొటో దిగినాడు. గ్రూపుల్లో కూడా పెట్టేసినాడు. అందులో నేను లేను, తీసింది నేనే.