1:64 కొలతలో ఫీడ్ బిన్: చెక్కను లేత్ మీద తీసే పద్ధతి

కోళ్ల ఫారం నమూనా ఎంత శ్రద్ధగా చేసినా, షెడ్డు పక్కన నిలబెట్టిన ఫీడ్ బిన్ (దాణా నిల్వ చేసే రేకు ట్యాంకు) కింది గరాటు కోణం తప్పితే మొత్తం తేడాగా కనిపిస్తుంది. అందుకే ముందు అసలు బిన్ లెక్క చూడాలి, ఆ తర్వాతే లేత్ (చెక్కను తిప్పుతూ కోసే యంత్రం) మీద చెక్క పట్టాలి.

బొమ్మ ట్రాక్టర్ల అభిమానులు ఎక్కువగా వాడే కొలతల్లో ఒకటి 1:64, అంటే అసలులో 64వ వంతు. అమెరికాలో, ముఖ్యంగా నేషనల్ ఫార్మ్ టాయ్ మ్యూజియం ఉన్న అయోవా రాష్ట్రపు డయర్స్‌విల్ చుట్టుపక్కల, ఈ సరదా బాగా పాతుకుంది. ఈ కొలతలో 1 అడుగు 4.76 మి.మీ. అవుతుంది. 7 అడుగుల వ్యాసం, రెండు రింగుల (ముడతల రేకుతో చేసిన గుండ్రటి పట్టీల) బిన్ తీసుకుందాం. ఒక్కో రింగు సుమారు 32 అంగుళాల ఎత్తు. నిండా పోస్తే దాదాపు 5 టన్నుల దాణా పడుతుంది. నమూనాలో వ్యాసం 33.3 మి.మీ., రెండు రింగులు కలిపి 25.4 మి.మీ. ఎత్తు.

గరాటు వాలు నేల నుంచి 60 డిగ్రీలు. పిండి దాణా గోడకు అంటుకుని లోపల కమాను కట్టి ఆగిపోతుంది కాబట్టి అంత నిటారుగా పెడతారు. ధాన్యం దానంతటది జారుతుంది, దానికి 45 డిగ్రీలు సరిపోతుంది. అంటే మీరు గరాటును 45 డిగ్రీలకు తీస్తే అది ధాన్యం ట్యాంకు అయిపోతుంది. తెలిసినవాళ్లు చూడగానే పట్టేస్తారు. 60 డిగ్రీల వాలు అంటే గరాటు రెండు పక్కల మధ్య కోణం కూడా సరిగ్గా 60. కాబట్టి అట్టముక్కలో సమబాహు త్రిభుజం కత్తిరించి తీసేస్తే మిగిలే V ఆకారపు గాడే వాలు సరిచూసుకునే మీ టెంప్లేట్. కింద నోరు 6.4 మి.మీ. వ్యాసం, గరాటు ఎత్తు 23.4 మి.మీ. పైకప్పు వాలు 40 డిగ్రీలు, ఎత్తు 10.3 మి.మీ., పైన మూత దగ్గర వ్యాసం 8.7 మి.మీ.

చెక్క విషయానికి వస్తే మన దగ్గర అంకుడుకు సాటి లేదు. ఏటికొప్పాక బొమ్మలు తీసేది దీనితోనే. తెల్లగా, సన్నని నారతో, ఉలికి లొంగుతుంది. కొండపల్లి వాళ్లు వాడే పొణికి మరీ మెత్తన, సన్నటి గాడి అందులో నిలవదు. టేకు రంధ్రాలు రంగు వేశాక కూడా కనిపిస్తాయి. అమెరికాలో ఈ పనికి మేపుల్ బాగుంటుంది. ఏదైనా బాగా ఆరి ఉండాలి, కొమ్మ నడిమి మెత్తటి బెండు ముక్కలోకి రాకూడదు. పచ్చి చెక్కలో తీసిన బిన్ కొన్ని వారాల్లో కోడిగుడ్డులా వంకరపోతుంది.

40 మి.మీ. చదరం, 110 మి.మీ. పొడవు ముక్క చాలు. నార లేత్ పొడవునా ఉండాలి. పైకప్పు వైపు చక్‌లో (ముక్కను బిగించి తిప్పే పట్టు), గరాటు వైపు టెయిల్‌స్టాక్ (అవతలి కొనను మొనతో ఆపే భాగం) మీద పట్టండి. 2000 ఆర్‌పీఎం దగ్గర గౌజ్‌తో (గుంట ఉలి) గుండ్రంగా చేసి, కాలిపర్‌తో వ్యాసం కొలుస్తూ 33.5 మి.మీ.కు దించండి. 240, 400 నంబరు గరుకు కాగితాలతో ఇప్పుడే నునుపు చేసేయండి. ముడతలు పడ్డాక కాగితం తగిలితే వాటి అంచులు చెరిగిపోతాయి.

ఇక రేకు ముడతలు. అసలు రేకులో ఒక ముడతకూ మరో ముడతకూ మధ్య 2.67 అంగుళాలు. దాన్ని 64తో భాగిస్తే సరిగ్గా అంగుళంలో 24వ వంతు. హార్డ్‌వేర్ షాపులో దొరికే అంగుళానికి 24 పళ్ల హ్యాక్‌సా బ్లేడు మీద ఉన్నదీ అదే దూరం. రింగుకు 12 ముడతలు, బ్లేడులో అర అంగుళానికి 12 పళ్లు. ఇంతకన్నా మంచి పనిముట్టు కొనలేం. 25 మి.మీ. బ్లేడు ముక్క విరిచి, చెక్క పిడిలో బిగించండి. పళ్లు అటూ ఇటూ వంగి ఉంటాయి కాబట్టి రెండు పక్కలా ఆకురాయి మీద రుద్ది చదును చేయాలి.

గాడి పెట్టే ముందు ఆ 25.4 మి.మీ. పట్టీకి పలచటి సూపర్ గ్లూ పట్టించి పూర్తిగా ఆరనివ్వండి. నారకు అడ్డంగా కోస్తున్నాం కదా, జిగురు లేకపోతే ముడతల అంచులు పెచ్చులుగా లేచిపోతాయి. వేగం 700 ఆర్‌పీఎంకు తగ్గించి, టూల్‌రెస్ట్ (పనిముట్టును ఆనించే పట్టీ) మీద బ్లేడును పడుకోబెట్టి నెమ్మదిగా ఆనించాలి. లోతు 0.2 మి.మీ. చాలు, రంగు కొంత పూడుస్తుంది కాబట్టి 0.3 వరకు పోవచ్చు. బ్లేడు పళ్లు పొడవు దిశలో ఒక పక్కకు వాలి ఉంటాయి, అందుకే ముడతలు కూడా ఒరిగినట్టు వస్తాయి. లేత్ ఆపి, బ్లేడు తిరగేసి, అవే గాళ్లలో కూర్చోబెట్టి మళ్లీ ఆనిస్తే రెండు వైపులా సమానమవుతాయి. గాళ్లలో కూర్చోకముందే లేత్ తిప్పితే అడ్డగీతలు పడి పట్టీ పాడవుతుంది. దుమ్మును పాత టూత్‌బ్రష్‌తో తీయండి.

ముడతలు అయ్యాకే గరాటు తీయాలి. ముందే నోరు సన్నబడితే ముక్క వణికి గాళ్లు గజిబిజి అవుతాయి. స్కూతో (ఏటవాలు అంచు ఉలి) ఎప్పుడూ లావు నుంచి సన్నానికి కోయండి, ఎదురు కోస్తే నార లేస్తుంది. నోటి కింద 12 మి.మీ. లావున చిన్న దిమ్మె వదలండి. టెయిల్‌స్టాక్ మొన నేరుగా 6 మి.మీ. మెడలో దిగితే అది నిలువునా చీలుతుంది. తర్వాత పైకప్పు, ఆపైన 2 మి.మీ. మూత. చివరగా దిమ్మెను, చక్ వైపు ముక్కను సన్నటి రంపంతో కోసేయండి.

కాళ్లు నాలుగు. ఒక్కోటి 59 మి.మీ. పొడవు, అందులో 25 మి.మీ. రింగుల మీద అంటుకుంటుంది, మిగతాది కిందికి. అగరబత్తి వెదురు పుల్లను నాలుగు పక్కలా చదును చేస్తే బాగా నప్పుతుంది. కాగితపు పట్టీని బిన్ చుట్టూ చుట్టి నాలుగు మడతలు పెడితే స్థానాలు తెలిసిపోతాయి. కాలు వచ్చే చోట ముడతలను ఆకురాయితో చదును చేయడం మరవకండి, ముడతల అంచుల మీదే అంటించిన కాలు ఊడిపోతుంది. నిచ్చెనకు 0.4 మి.మీ. రాగి తీగ, వెడల్పు 6.4 మి.మీ., మెట్టుకు మెట్టుకు 4.8 మి.మీ.

రంగు దగ్గర లక్క ఆలోచన వద్దు. లక్క గాళ్లను పూడ్చేస్తుంది, దాని మెరుపు జింకు రేకుకు రాదు. బూడిదరంగు ప్రైమర్ పలచగా ఒక పూత, పైన మెరుపు లేని అల్యూమినియం రంగు రెండు పలచటి పూతలు. రేకుల బోల్టులు ఈ కొలతలో కంటికి ఆనవు, వాటిని చుక్కలుగా దిద్దితే బిన్‌కు మశూచి వచ్చినట్టుంటుంది.

అమర్చేటప్పుడు షెడ్డుకు రెండు బిన్‌లు పక్కపక్కనే పెట్టండి. నోటి కింద నుంచి 1.5 మి.మీ. తీగను 30 డిగ్రీల వాలున షెడ్డు గోడలోకి పంపితే అదే ఆగర్ గొట్టం, అంటే దాణాను షెడ్డులోకి తోసే గొట్టం. బిన్‌ల ముందు 57 మి.మీ., అంటే 12 అడుగుల దారి ఖాళీగా వదలాలి. దాణా లారీ వచ్చి తన గొట్టాన్ని పైమూతకు అందించేది అక్కడి నుంచే.