కొబ్బరినీళ్లు తాగలేదు కదా అమ్మమ్మా?

ఇంగ్లండ్‌లో నర్సుగా చేరాలనుకునే మన శ్రీకాకుళం అమ్మాయిలు పరీక్షల గురించే భయపడతారు. ఓఈటీ గానీ ఐఈఎల్‌టీఎస్ గానీ ఏదో ఒక ఇంగ్లిష్ పరీక్ష గట్టెక్కాలి, సీబీటీ అనే కంప్యూటర్ పరీక్ష రాయాలి, అక్కడికి వెళ్లాక ఆస్కీ అనే ప్రాక్టికల్ పరీక్ష పాసవ్వాలి. అవన్నీ చదివితే తీరే కష్టాలు.

ఆస్కీ అయ్యేవరకు చాలామంది పిల్లల్ని ఊళ్లోనే వదిలి వస్తారు. నేనూ పాపను సోంపేట దగ్గర మా అమ్మ ఒడిలో పెట్టి వచ్చాను. సరైన పనే చేశానని ఇప్పటికీ అంటాను. 12 గంటల డ్యూటీ చేస్తూ కొత్త దేశంలో పసిపిల్లను ఎవరికి అప్పగించాలి? అయితే నా దగ్గరికి వచ్చాక పాప చాలాకాలం రాత్రిళ్లు అమ్మమ్మ కావాలని ఏడ్చింది. ఏ ఏజెంటూ ఆ సంగతి ముందుగా చెప్పడు.

బడిలో చేరాక తెలుగు తగ్గిపోసాగింది. నేను నైట్ డ్యూటీ దిగి వచ్చేసరికి తను బడికి తయారవుతుంటుంది. వారాంతంలో తెలుగు తరగతులకు తీసుకెళ్దామంటే అప్పుడూ డ్యూటీలే.

తెలుగును నిలబెట్టింది అమ్మే. మా ఉద్దానం ప్రాంతంలో ఎన్నో ఇళ్లలాగే మా ఇంట్లోనూ కిడ్నీ జబ్బు ఉంది. 2023లో పలాసలో తెరిచిన 200 పడకల కిడ్నీ ఆసుపత్రిలో అమ్మకు డయాలసిస్. యంత్రం పక్కన 4 గంటలు పడుకోవాలి. డయాలసిస్ సూదులు గుచ్చడానికి రక్తనాళాలు కలిపి చేసిన ఫిస్టులా ఉన్న ఎడమ చెయ్యి కదపకుండా, కుడిచేత్తో ఫోను పట్టుకుంటుంది. వేసవిలో ఇక్కడ ఉదయం 7 అయితే అక్కడ పదకొండున్నర. పాప పాలు తాగుతూనే మొదలుపెడుతుంది.

"కొబ్బరినీళ్లు తాగలేదు కదా అమ్మమ్మా?"

పొటాషియం ఎక్కువని డాక్టర్లు వద్దన్నారు. కొబ్బరితోటల్లో పుట్టి పెరిగిన మనిషికి అదెంత కష్టమో! అమ్మ మాట దాటేస్తే, "మొన్నటికీ ఇవాళ్టికీ బరువెంత పెరిగావో చెప్పు" అని నిలదీస్తుంది. ఒంట్లో నీరు చేరితే బరువు పెరుగుతుందని నేను చెప్పగా విన్నదే. తన తెలుగుతో అవతల ఒక మనిషికి అవసరముందని పాపకు తెలుసు. అక్షరాల పుస్తకాలన్నీ కలిసినా ఇంత పని చేయలేదు.

ఇక్కడి ముసలమ్మలకు నేను సేవ చేస్తుంటే, అక్కడ మా అమ్మకు సూది పెట్టేది ఇంకో ఇంటి ఆడపిల్ల. ఆమెకు నేనెంతో రుణపడి ఉన్నాను.

సంక్రాంతికి వెళ్లాలంటే బడి మాన్పించాలి, దానికి ఇక్కడ జరిమానా కూడా వేస్తారు. అందుకే ఆగస్టులో బయలుదేరుతున్నాం. డయాలసిస్ జరిగినంతసేపూ తనే పక్కన కూర్చుంటానని పాప పట్టు. పిల్లల్ని లోపలికి రానిస్తారేమో కనుక్కోమని తమ్ముడికి చెప్పాను.