మీటరు మీద 7 లక్షల 40 వేలు

పదహారేళ్లు వేరేవాళ్ల బండ్లు తోలి, 2023లో సొంత లారీ కొన్నాను. 2015 మోడల్, 12 టైర్లు, మీటరు మీద 7 లక్షల 40 వేల కిలోమీటర్లు. విన్న ప్రతివాళ్లూ "అంత తిరిగిన బండి నీకెందుకురా?" అన్నారు. మా ఆవిడ రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. చీటీ పాడి తెచ్చిన డబ్బు తనది మరి. ఈమధ్య నాలాగే డ్రైవరుగా చేస్తూ బండి కొనాలనుకునే కుర్రాళ్లు ఫోన్లు చేసి అడుగుతున్నారు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

దానికి ముందు విజయవాడ ఆటోనగర్‌లో ఇంకో బండి చూశాం. మీటరు 4 లక్షల 10 వేలే. కొత్త పెయింటు, కొత్త సీటు కవర్లు, ఛాసిస్‌కి, అంటే బరువంతా మోసే కింది ఇనప చట్రానికి కూడా నల్లరంగు కొట్టి మెరిపించారు. నాకు బాగా నచ్చింది. జేబులో అడ్వాన్స్ డబ్బు కూడా ఉంది. మా మెకానిక్ మేస్త్రి బండి కిందకి దూరి, వెనక కమాన్ల (స్ప్రింగు పట్టీల) దగ్గర ఆ నల్లరంగును గోటితో గీకాడు. "అబ్బాయ్, ఇలా వచ్చి చూడు" అన్నాడు. రంగు కింద జానెడు పొడవున వెల్డింగ్ అతుకు. ఓవర్‌లోడు మోసి మోసి ఛాసిస్ చీలితే అతికి, పైన రంగేశారు. పైకొచ్చి స్టీరింగ్ చూపించాడు. చేతులు పడేచోట నున్నగా అరిగిపోయింది. పెడల్ రబ్బర్లు మాత్రం కొత్తవి. మీటరు చెప్పేదానికంటే బాగా ఎక్కువే తిరిగిన బండన్నమాట. ఇక బేరం మాట ఎత్తకుండా వచ్చేశాం.

నా బండి కోదాడలో దొరికింది. ఓనరే డ్రైవరు, నాకంటే పదేళ్లు పెద్ద. మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే ఫోన్‌లో చెప్పాం. మేస్త్రి వెళ్లగానే ఇంజిన్ మీద చెయ్యి పెట్టి, చల్లగానే ఉందని చూసుకున్నాకే తాళం తిప్పమన్నాడు. ఒక్క సెల్ఫ్‌కి అందుకుంది. కొంచెం వేడెక్కనిచ్చి, ఆయిల్ పోసే మూత విప్పి, దాన్నే తలకిందులుగా ఆ రంధ్రం మీద బోర్లించాడు. బ్యాక్ కంప్రెషన్ ఉంటే, అంటే ఇంజిన్ లోపల అరిగి గాలి వెనక్కి తంతుంటే ఆ మూత ఎగిరెగిరి పడుతుంది, పొగ తన్నుకొస్తుంది. ఇక్కడ మూత సన్నగా అదురుతోంది, అంతే. ముగ్గురం దాని చుట్టూ వంగి, ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. మేస్త్రి తల ఊపాడు.

కానీ నన్ను ఒప్పించింది ఇంజిన్ కాదు. ఆ పెద్దాయన ఇంట్లోకెళ్లి పాత క్యాలెండర్ కాగితాల కట్ట తెచ్చాడు. నెల అయిపోగానే చించిన కాగితం వెనక, ఆయిల్ ఎప్పుడు మార్చాడో, ఏ కిలోమీటరు దగ్గర మార్చాడో, క్లచ్ ప్లేట్లు ఎప్పుడు వేశాడో పెన్నుతో రాసుకున్నాడు. 5 లక్షల 90 వేల దగ్గర హాఫ్ ఇంజిన్ పని (ఇంజిన్ సగం విప్పి చేసే రిపేరు), దాని బిల్లు కూడా పిన్ను కొట్టి ఉంది. "తమ్మీ, ఆయిల్ కాడ నేనెన్నడూ కక్కుర్తి పడలే" అన్నాడు. ఎన్ని కిలోమీటర్లు తిరిగిందన్నది నన్నడిగితే సగం సంగతే. ఎవరి చేతిలో తిరిగింది, ఎంత బరువుతో తిరిగింది అన్నదే అసలు సంగతి.

11 లక్షలు చెప్పాడు, 10 లక్షల 20 వేలకు తెగింది. ఆయన ఫైనాన్స్ ఎప్పుడో తీరిపోయింది కానీ ఆర్‌సీ మీద ఆ ఫైనాన్స్ కంపెనీ పేరు అలాగే ఉంది. అప్పు తీరిందని చెప్పే ఫారం 35 తెచ్చి అది తీయించేదాకా, తెలంగాణ నుంచి ఆంధ్రకు మార్చడానికి ఫారం 28 మీద ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం) చేతికొచ్చేదాకా అడ్వాన్స్ తప్ప ఇంకేమీ ఇవ్వలేదు. మూడు వారాలు పట్టింది. బండి నంబరు కొట్టి చలాన్లు చూస్తే 11 వేల పైన పెండింగ్ ఉన్నాయి. పెద్దాయన మారుమాట లేకుండా ఆ మొత్తం తగ్గించుకున్నాడు.

ఒక్కచోట మాత్రం తప్పు చేశాను. ట్రయల్ ఖాళీ బండితో చూశాను. రెండో ట్రిప్పులో జగ్గయ్యపేట దగ్గర 20 టన్నుల సిమెంటు ఎత్తుకుని వైజాగ్ పోతున్నా. రాజమండ్రి దాటాక, యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా వెనకనుంచి సన్నగా ఏడుపులాంటి శబ్దం. అన్నవరం దగ్గరికి వచ్చేసరికి అది గరగరగా మారింది. బండి పక్కకి తీసి ఆపి, తుని నుంచి మెకానిక్‌ని పిలిపించాను. వెనక ఇరుసు హౌసింగ్ కింద నట్టు విప్పి, కారిన ఆయిల్‌ని అరచేతిలో పట్టి ఎండకేసి తిప్పాడు. నల్లటి ఆయిల్ నిండా ఇనప రజను, చీర జరీలా తళతళ. వెనక చక్రాలను తిప్పే గేర్లు, క్రౌన్, పీనియన్ రెండూ పోయాయి. బేరింగులు, కూలీ కలిపి 70 వేల పైన అయింది, నాలుగు రోజులు బండి అక్కడే. సిమెంటు వేరే లారీలోకి మార్చి పంపాల్సి వచ్చింది, ఆ ట్రిప్పు కిరాయి కూడా పోయింది. ఆ నట్టు కోదాడలోనే విప్పి చూసుంటే పది నిమిషాల పని. లోడు మీద ఒక్క అయిదు కిలోమీటర్లు తోలినా ఆ శబ్దం వినపడేది. పెద్దాయన దాచాడని నేననుకోను. రోజూ తోలే చెవికి ఆ శబ్దం అలవాటైపోయి ఉంటుంది.

ఆ నాలుగు రోజులూ టెన్షన్ పడ్డాను కానీ కుప్పకూలిపోలేదు. ఎందుకంటే చీటీ డబ్బులో 2 లక్షలు ముట్టుకోకుండా పక్కన పెట్టింది మా ఆవిడ. ఆ డబ్బు కూడా కలిపేస్తే బండి మీద తీసుకునే ఫైనాన్స్ అప్పు తగ్గుతుంది కదా అని నేను గట్టిగా వాదించాను, తను ఒప్పుకోలేదు. అప్పటికే థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్‌కి జీఎస్టీ కాక 43,950, నేషనల్ పర్మిట్‌కి 16,500, క్వార్టర్ టాక్స్, బ్యాటరీలు అన్నీ కట్టి నా చేతిలో చిల్లర మిగిలింది. తన 2 లక్షలు లేకపోతే మూడో నెలకే వాయిదా తప్పేది, బండి ఫైనాన్స్ వాళ్ల యార్డుకి చేరేది. తమ్ముళ్లూ, 10 లక్షలు ఉంటే 8 లక్షల బండి చూడండి. ఈ ఒక్క మాట మాత్రం వినండి.

రిపేరు అయ్యాక నేరుగా తుని దగ్గరి లోవ వెళ్లి తలుపులమ్మ తల్లికి బండి పూజ చేయించాను. మొదటి ట్రిప్పులోనే చేయించాల్సింది, లోడు తొందరలో ఆగకుండా పోయానని మా అమ్మ ఇప్పటికీ అంటుంది.

ఇప్పుడు మీటరు 8 లక్షల 60 వేలు దాటింది. ఎనిమిదేళ్లు నిండిన బండి కాబట్టి ఏటా ఫిట్‌నెస్‌కి పెట్టాలి, వచ్చే నెలలో ఉంది. ముందు టైర్లు రెండూ అరిగాయి. వెనక రీసోల్ టైర్లతో (పాత టైరుకే కొత్త రబ్బరు అతికినవి) నడిపిస్తున్నా, స్టీరింగ్ దగ్గర మాత్రం కొత్తవే వేస్తాను. కాకినాడ బియ్యం కిరాయి రేపు పడితే శుక్రవారం ఆటోనగర్‌లో బిగించేస్తాను.