ఎనిమిది గదులు కలిసే మూల

సింగపూర్, మంగళవారం రాత్రి

ఈ రోజు రెండు గదులే ఎక్కించాం. ఎక్కించాల్సినవి ఆరు. అయినా మనసు తేలిగ్గా ఉంది.

గదులంటే నిజంగా గదులే. ఉక్కు చట్రం, గోడలు, కిటికీ అద్దాలు, స్నానాల గది టైల్స్‌తో సహా కర్మాగారంలోనే తయారై రాత్రిపూట ట్రెయిలర్ల మీద వస్తాయి. 2016లో చాంగీ విమానాశ్రయం పక్కన హోటల్‌కు పది అంతస్తులు ఇలాగే పేర్చి కట్టారు. అమ్మ వచ్చినప్పుడు చూపిస్తే, "అగ్గిపెట్టెల్లాగానా? గాలికి జరగవూ?" అని అడిగింది. జరగకుండా చూడడమే నా ఉద్యోగం.

భవనం లోపలి మూలల్లో పైన నాలుగు, కింద నాలుగు, మొత్తం ఎనిమిది గదులు ఒక్కచోట కలుస్తాయి. కింది నాలుగు స్తంభాల తలలనూ ఒక ఉక్కు పలక కలిపి పట్టుకుంటుంది. దాని మీదే పై గదులు కూర్చుంటాయి. బోల్టు 24 మిల్లీమీటర్లు, రంధ్రం 26. మాకున్న వెసులుబాటు అంతే.

మధ్యాహ్నం రెండో గది దించి పలక పరిచాం. రంధ్రాలు మూడు మిల్లీమీటర్లు తప్పాయి. పడమట మబ్బు కమ్ముకొస్తోంది.

"బాబూ, గ్యాస్‌తో రంధ్రం కొంచెం సాగదీస్తే పోదూ?" అన్నాడు శ్రీకాకుళం బాబాయ్. ఇరవై ఏళ్లుగా ఉక్కు పనిలో ఉన్న మనిషి. ఆయన మాట తోసేయడం నాకు కష్టమే.

"వద్దు బాబాయ్. రంధ్రం సాగితే, గాలి తోసినప్పుడు బోల్టుకు ఆనేలోపే గది జరుగుతుంది. ఆ బరువు పక్క గది ఎలా పంచుకుంటుంది? మళ్లీ ఎత్తిద్దాం."

ఇంతలో పిడుగుల హెచ్చరిక వచ్చింది. గంటన్నర క్రేన్ ఆగిపోయింది. ఆ ఖాళీలో కొలతలన్నీ మళ్లీ చూశాను. గది అడుగున ఒక పక్క రెండు మిల్లీమీటర్ల షిమ్ము (ఎత్తు సరిచేసే పలుచని రేకు) వేయలేదు. గది వెడల్పు మూడు మీటర్లు, ఎత్తూ దాదాపు మూడే. అడుగున రెండు దిగితే తల దగ్గర రెండు ఒరుగుతుంది! మిగిలిన ఒక్కటీ రంధ్రంలోనే సర్దుకుంటుంది.

వాన వెలిశాక గదిని ఎత్తి, షిమ్ము వేసి దించాం. బోల్టులు చేత్తోనే దిగాయి. ఆ శబ్దం ఎంత బాగుంటుందో! నడవా వైపున్న సందులోంచి చెయ్యి దూర్చి, టార్క్ రెంచ్ (సరైన బిగువు రాగానే చప్పుడు చేసే పానా) టక్కుమనేదాకా బాబాయే బిగించాడు. రేపు ఆ సందును అగ్నినిరోధక పలకతో మూసేస్తారు. ఇక ఆ మూల ఎవరికీ కనిపించదు.

అయినా బాబాయ్ కుంచె తీసుకుని, నట్టు వదులైతే తెలిసేలా, దాని మీదుగా పలక దాకా తెల్లరంగు గీత శ్రద్ధగా గీశాడు.